నక్షత్రం తేలకుండా గ్రహం తేలదు

2025 ఏప్రిల్‌లో, సౌరకుటుంబం బయట ఉన్న కే2-18బి అనే గ్రహం మీద జీవం జాడ దొరికిందన్న వార్త గుప్పుమన్నప్పటి నుంచీ వాదులాటంతా ఒక అణువు చుట్టూనే తిరుగుతోంది. కేంబ్రిడ్జ్‌లోని నిక్కు మధుసూదన్ బృందం, జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన వర్ణపటంలో డైమిథైల్ సల్ఫైడ్ గానీ, దాని దగ్గరి చుట్టమైన డైమిథైల్ డైసల్ఫైడ్ గానీ ఉన్నట్టుందని, ఆ నమ్మకం మూడు సిగ్మాల స్థాయిదని (అంటే అది కేవలం యాదృచ్ఛికంగా అలా కనిపించే అవకాశం వెయ్యిలో మూడని) చెప్పింది. భూమ్మీద డైమిథైల్ సల్ఫైడ్‌ని ఎక్కువగా పుట్టించేవి సముద్రంలోని ప్లవకాలు. ఆ తర్వాత వేరే బృందాలు అదే డేటాని తమ పద్ధతుల్లో లెక్కగట్టి, అంత గట్టి ఆధారమేమీ కనపడట్లేదన్నాయి. 67పి తోకచుక్కలో కూడా ఆ అణువు దొరికింది కాబట్టి, జీవంతో పనిలేకుండానూ అది పుట్టగలదని మరికొందరు గుర్తుచేశారు.

ఇవన్నీ జరగాల్సిన వాదనలే. నా ఫిర్యాదు వేరే. ఆ వారాల్లో నేను చదివిన కథనాల్లో గ్రహం గురించి పేరాలకు పేరాలు ఉన్నాయి. కే2-18 అనే నక్షత్రానికి మాత్రం "ఒక ఎర్ర మరుగుజ్జు" అన్న రెండు మాటలే దక్కాయి, అంటే సూర్యుడికంటే చిన్నదీ చల్లనిదీ అయిన నక్షత్రమని. ఆ గ్రహాన్ని ఎవరూ విడిగా చూడలేదు. చూసింది నక్షత్రపు వెలుగునే. 33 రోజులకోసారి గ్రహం అడ్డొచ్చినప్పుడు (దీన్నే ట్రాన్సిట్ అంటారు) ఆ వెలుగు తగ్గేది ఒక శాతంలో మూడో వంతు కూడా ఉండదు. ఆ తగ్గుదల ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర ఒక్కోలా ఉందా అన్నదే వెబ్ కొలిచింది. మీథేనైనా, కార్బన్ డయాక్సైడైనా, ఇంకేదైనా ఆ తేడాలోంచి బయటికి తీయాల్సిందే. కొలత మొత్తం నక్షత్రం మీద నడుస్తున్నప్పుడు, ఆ నక్షత్రం ఎలాంటిదో తేల్చకుండా గ్రహం గురించి తీర్పులు చెప్పడం తొందరపాటు. ఈ రంగంలో పెద్ద టెలిస్కోపుల సమయంలోనూ, జీతాల్లోనూ, మన చర్చల్లోనూ నక్షత్రాలకు ఇప్పుడిస్తున్న దానికంటే చాలా ఎక్కువ వాటా ఇవ్వాలన్నది నా వాదన.

ఒక నక్షత్రం, మారిన గ్రహం

కే2-18నే తీసుకుందాం. ట్రాన్సిట్ లోతు, అంటే అప్పుడు వెలుగు ఎంత తగ్గిందన్నది, మనకిచ్చేది ఒక నిష్పత్తిని మాత్రమే: గ్రహ వ్యాసార్ధాన్ని నక్షత్ర వ్యాసార్ధంతో భాగించి వర్గం చేస్తే వచ్చేది. కిలోమీటర్లు కావాలంటే నక్షత్రం ఎంతుందో విడిగా తెలుసుకోవాలి. 2017 నాటి లెక్కల్లో కే2-18 వ్యాసార్ధం సూర్యుడిలో 0.41 వంతు. దాని ప్రకారం గ్రహం భూమికి 2.37 రెట్లు. తర్వాత గయా ఉపగ్రహం పారలాక్స్ (భూమి కక్ష్యలో తిరుగుతుంటే నక్షత్రం కాస్త జరిగినట్టు కనిపించడం) కొలిచి నక్షత్రపు దూరాన్ని కచ్చితంగా చెప్పేసరికి నక్షత్రం అనుకున్నదానికంటే పెద్దదని తేలింది. గ్రహం 2.61 రెట్లకు పెరిగింది.

తేడా పది శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఘనపరిమాణం వ్యాసార్ధపు ఘనం మీద ఆధారపడుతుంది, కాబట్టి అది మూడో వంతు పెరిగింది. గ్రహం ద్రవ్యరాశి భూమికి 8.6 రెట్లు అనుకుని లెక్కేస్తే, సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.6 గ్రాముల నుంచి 2.7 గ్రాములకు పడిపోతుంది. భూమిది 5.5, నెప్ట్యూన్‌ది 1.6. మొదటి అంకెతో ఇది బరువైన రాతి గోళం, మీద కొంత నీరో మంచో ఉండొచ్చు. రెండో అంకెతో, నీళ్ళు బాగా ఉన్న గ్రహమనో, హైడ్రోజన్ దుప్పటి కప్పుకున్న చిన్న నెప్ట్యూన్ అనో చెప్పాల్సి వస్తుంది. ఈ మధ్యలో గ్రహం మీద మారిందేమీ లేదు. తూకపు రాయి తేడాగా ఉన్నప్పుడు సరుకు బరువు గురించి ఎంత వాదించుకున్నా ఉపయోగం ఉండదు.

ద్రవ్యరాశి సంగతి కూడా అంత నిశ్చింతగా లేదు. గ్రహం లాగుతుంటే నక్షత్రం ముందుకీ వెనక్కీ ఊగే వేగాన్ని బట్టి దాన్ని లెక్కగడతారు. కే2-18 తన చుట్టూ తాను తిరగడానికి దాదాపు 39 రోజులు పడుతుంది, గ్రహం ఒక చుట్టు తిరగడానికి 33 రోజులు. ఈ రెండు లయలూ ఇంత దగ్గరగా ఉంటే, నక్షత్రం మీది చల్లటి మచ్చల వల్ల వచ్చే ఊగిసలాటనీ గ్రహం వల్ల వచ్చేదాన్నీ విడదీయడం కష్టం. ఇదే నక్షత్రం దగ్గర 9 రోజుల కక్ష్యతో మరో గ్రహం ఉందని 2017లో ఒక బృందం ప్రకటించింది. అది నక్షత్రపు అలజడి కావచ్చని 2018లో ఇంకో బృందం అంది. 2019లో మొదటి బృందం మరిన్ని కొలతలతో అది గ్రహమేనని మళ్ళీ చెప్పింది. అందరూ అనుభవజ్ఞులే, పరికరాలూ మేలైనవే. తగాదా నక్షత్రంతోనే.

నీటి ఆవిరి ఎవరిది?

వాతావరణాల దగ్గరికి వచ్చేసరికి ఈ చిక్కు మరీ ముదురుతుంది. సూర్యుడి మచ్చల్లో నీటి ఆవిరి ఉందని 1990ల్లోనే తేలింది. మచ్చ మధ్యభాగం చుట్టుపక్కల కంటే బాగా చల్లన, అందుకే అక్కడ నీటి అణువులు చెదిరిపోకుండా నిలబడగలవు. ఎర్ర మరుగుజ్జులు మొత్తంగానే సూర్యుడికంటే చల్లన, వాటి మచ్చలు ఇంకా చల్లన. అంటే మనం గ్రహం మీద వెతుకుతున్న నీరు నక్షత్రం మీదే ఉందన్నమాట.

ఇది ట్రాన్సిట్ కొలతలోకి ఎలా దూరుతుందో చూడాలి. గ్రహం దాటే గీత మీద మచ్చ ఉంటే నయం. గ్రహం దాన్ని కప్పిన కొన్ని నిమిషాలూ వెలుగు మార్పుని చూపే గ్రాఫు అడుగున చిన్న బొడిపె కనిపిస్తుంది, దాన్ని గుర్తుపట్టి సరిచేయొచ్చు. ప్రమాదమంతా గ్రహం దాటని చోట ఉన్న మచ్చలతోనే. అప్పుడు గ్రహం సగటుకంటే వెలుగెక్కువ ఉన్న భాగాన్ని కప్పుతుంది, ట్రాన్సిట్ అసలుకంటే లోతుగా కనిపిస్తుంది. మచ్చల ప్రకాశం తరంగదైర్ఘ్యాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఈ అదనపు లోతూ మారుతుంది. వాతావరణం వేసే సంతకం కూడా సరిగ్గా ఇలాంటిదే.

అంకెల్లో చూస్తే దీని తీవ్రత తెలుస్తుంది. నక్షత్ర ముఖంలో పదో వంతు మచ్చలున్నాయనుకుందాం. ఒక తరంగదైర్ఘ్యం దగ్గర మచ్చ వెలుగు మామూలు ఉపరితలంలో 70 శాతం, ఇంకో చోట 90 శాతం అనుకుందాం. మొదటి చోట ట్రాన్సిట్ లోతు 3 శాతం ఎక్కువగా, రెండో చోట 1 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. ట్రాపిస్ట్-1 అనే ఎర్ర మరుగుజ్జు దగ్గరి రాతి గ్రహాల ట్రాన్సిట్ లోతు పది లక్షల్లో సుమారు 7,000 భాగాలు. అందులో ఆ రెండు శాతం తేడా 140 భాగాలు. ఆ రాతి గ్రహాలకు వాతావరణం ఉంటే దాని ముద్ర కొన్ని పదుల భాగాల నుంచి మహా అయితే వంద దాకా ఉంటుందని అంచనా. మచ్చల ముద్రే పెద్దది.

ఇది కాగితం మీది భయం కాదు. 2023లో వెబ్ ట్రాపిస్ట్-1బి ట్రాన్సిట్లను చూసినప్పుడు వర్ణపటంలో ప్రధానంగా కనిపించింది నక్షత్రపు మచ్చలే, పైగా ఒక ట్రాన్సిట్‌కీ ఇంకోదానికీ ఆ ముద్ర మారింది. అదే ఏడాది జీజే 486బి అనే రాతి గ్రహం వర్ణపటంలో నీటి ఆవిరిలాంటి వాలు కనిపిస్తే, దాన్ని ప్రచురించినవాళ్ళు నిజాయితీగా రెండు అవకాశాలనూ పక్కపక్కనే పెట్టారు: నీళ్ళున్న వాతావరణమైనా కావచ్చు, మచ్చల్లో నీళ్ళున్న నక్షత్రమైనా కావచ్చు. నాకు ఆ పత్రం మీద చాలా గౌరవం. పత్రికా ప్రకటన కోసం ఒకటి ఎంచుకుని రెండోదాన్ని పాదసూచికలోకి నెట్టేయడం సులువు, వాళ్ళు ఆ పని చేయలేదు.

సెకనుకు 9 సెంటీమీటర్లు

నక్షత్రం గ్రహంలా నటించడం కొత్త కాదు. 2012లో ఆల్ఫా సెంటారీ బి అనే నక్షత్రం చుట్టూ 3.24 రోజుల కక్ష్యతో భూమంత గ్రహం ఉందన్నారు. నక్షత్రపు ఊపు సెకనుకు 51 సెంటీమీటర్లు. కొలతలు తీసిన తేదీల వరసకీ నక్షత్రపు అలజడికీ మధ్య కుదిరిన ఒక లయే ఆ సంకేతమని 2015లో తేలింది. గ్లీజ్ 581డి మీద ఏళ్ళ తరబడి ఆశలు పెట్టుకున్నారు. ఆ గ్రహం కక్ష్య అనుకున్న 66 రోజులు నక్షత్రపు భ్రమణకాలంలో సగమని 2014లో చూపించాక ఆ ఆశలు ఆవిరయ్యాయి. బర్నార్డ్ నక్షత్రం కథ ఇంకా పొడుగు. 2018లో 233 రోజుల గ్రహమన్నారు, 2021లో అది నక్షత్రపు పనే అన్నారు. చివరికి 2024, 2025ల్లో అంతకంటే ఎంతో దగ్గరగా, కొద్దిరోజుల్లో చుట్టేసే నాలుగు చిన్న గ్రహాలు బయటపడ్డాయి. అక్కడ గెలిచింది ఓపిక. అలజడిని గ్రహంతో పాటే ఒకే లెక్కలో కూర్చోబెట్టి, వందల రాత్రుల కొలతలు పోగేశాక గానీ అవి దొరకలేదు.

భూమి సూర్యుణ్ణి ఊపే వేగం సెకనుకు 9 సెంటీమీటర్లు. గురుడు ఊపేది 12.5 మీటర్లు. సూర్యుడి ఉపరితలం మాత్రం ఎప్పుడూ కుతకుతలాడుతూనే ఉంటుంది: అయిదేసి నిమిషాల కంపనాలు, నిమిషాల్లో పుట్టి పోయే గుళికలు (కింది నుంచి పైకి ఉబికే వేడి బుడగలు), వారాలపాటు తిరిగే మచ్చలు, పదకొండేళ్ళ చక్రం. వీటన్నిటి వల్ల సూర్యుడి వేగమే మీటర్ల స్థాయిలో మారుతున్నట్టు కనిపిస్తుంది. కంపనాలను చదును చేయాలంటే ఒక్కో కొలతకూ కనీసం అయిదు నిమిషాలు కాంతిని పోగుచేయాలి. గుళికల ప్రభావం తగ్గాలంటే అదే రాత్రి కొన్ని గంటల ఎడంతో రెండు మూడు సార్లు చూడాలి. మచ్చలకైతే ఒక భ్రమణంలో కనీసం పదిహేను ఇరవై రాత్రులు కావాలి, లేకపోతే లయ దొరకదు. టెలిస్కోపు సమయం పంచే కమిటీలు నాలుగు రాత్రులిచ్చి సరిపెడితే జరిగేది ఆల్ఫా సెంటారీ కథే.

పరికరాల వైపు నుంచి పని గొప్పగా సాగింది. చిలీలోని లా సియాలో 2003 నుంచి నడుస్తున్న హార్ప్స్ వర్ణపట పరికరాన్ని శూన్యపు పెట్టెలో పెట్టి, ఉష్ణోగ్రతను డిగ్రీలో వందో వంతు కూడా మారకుండా చూస్తారు. దాని తర్వాత వచ్చిన ఎస్ప్రెసో ఇంకా సూక్ష్మం. ఇప్పుడు పరిమితి పరికరంలో లేదు, నక్షత్రంలో ఉంది. కేనరీ దీవుల్లోని లా పాల్మాలో, హార్ప్స్‌కి జోడైన హార్ప్స్-ఎన్‌కి ఒక చిన్న సౌర టెలిస్కోపు తగిలించి 2015 నుంచి రోజూ సూర్యుణ్ణే ఒక మామూలు నక్షత్రంలా కొలుస్తున్నారు. ఎక్కడ ఏ మచ్చ ఉందో కంటికి కనిపించే ఏకైక నక్షత్రం అదే కాబట్టి, వేగంలో వచ్చే ఏ మార్పుకి ఏది కారణమో అక్కడ సరిచూసుకోవచ్చు. ఆ చిన్న టెలిస్కోపుకి వార్తల్లో చోటు దొరకదు. నా లెక్కలో మాత్రం భూమిలాంటి గ్రహాన్ని తూచే రోజు వస్తే దానికి పునాది అక్కడే పడుతోంది.

నక్షత్రపు స్థానం కాస్త తేడా పడ్డా గ్రహం పుట్టుకొస్తుందని చూపిన ఉదంతం ఒకటుంది. 1991లో ఆండ్రూ లైన్ బృందం ఒక పల్సార్ (క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే చచ్చిన నక్షత్రం) చుట్టూ ఆరు నెలల కక్ష్యతో గ్రహం ఉందని ప్రకటించింది. పల్సార్ స్థానాన్ని కొద్దిగా తప్పుగా తీసుకోవడం వల్ల భూమి కక్ష్య తాలూకు వంకర సరిగ్గా సవరించబడక, అదే ఆరు నెలల లయగా మిగిలిపోయింది. 1992 జనవరిలో అమెరికా ఖగోళ సంఘం సభలో లైన్ లేచి ఆ సంగతి తనే చెప్పారు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అదే సభలో తన పల్సార్ గ్రహాల గురించి అలెగ్జాండర్ వోల్ష్‌చాన్ మాట్లాడారు, అవి నేటికీ చెక్కుచెదరలేదు.

కొత్త గ్రహం లేకుండానే కొత్త సంగతి

నక్షత్రాల పని విసుగు పుట్టించే గుమాస్తా పని అనుకునేవాళ్ళకి నేను చూపించేది 2017 నాటి ఫలితం. కెప్లర్ అంతరిక్ష టెలిస్కోపు కనిపెట్టిన గ్రహాల పరిమాణాలను వరసగా గ్రాఫులో పెడితే అప్పటిదాకా ఒక ముద్దలా కనిపించేవి. కారణం, ఆ నక్షత్రాల వ్యాసార్ధాలు రంగుల్ని బట్టి ఊహించినవి, వాటిలో తప్పు పావు వంతు నుంచి ఇంకా పైకి కూడా ఉండేది. కెక్ టెలిస్కోపుతో వెయ్యికి పైగా నక్షత్రాల వర్ణపటాలు తీసి, వ్యాసార్ధాల్లో తప్పుని పది శాతం దగ్గరికి దించారు. అంతే, ముద్ద రెండుగా చీలింది. భూమికి 1.5 నుంచి 2 రెట్ల మధ్య గ్రహాలు అరుదు, దానికి అటూ ఇటూ మెండు. నక్షత్రపు వేడికో, తన లోపలి వేడికో వాతావరణం ఊడిపోయినవి ఒకవైపు, నిలబెట్టుకున్నవి ఒకవైపు అన్న అవగాహన ఆ ఖాళీలోంచే బలపడింది. ఒక్క కొత్త గ్రహం కనిపెట్టకుండా గ్రహాల పుట్టుక గురించి ఇంత తెలిసింది.

కంటికి కనిపించని తోడు నక్షత్రాల సంగతి కూడా ఇంతే. గ్రహాల్ని వెతికే టెస్ ఉపగ్రహపు కెమెరాలో ఒక్క పిక్సెల్ 21 ఆర్క్‌సెకన్ల ఆకాశాన్ని మింగేస్తుంది. మనం ఒకటనుకున్న చుక్కలో సమానమైన వెలుగున్న రెండు నక్షత్రాలుంటే, ట్రాన్సిట్ లోతు సగమే కనిపిస్తుంది. మనం చూస్తున్న నక్షత్రమే గ్రహానికి ఆతిథ్యమిస్తోందనుకున్నా, గ్రహం అసలు వ్యాసార్ధం లెక్కకంటే 41 శాతం ఎక్కువ, సాంద్రత మూడో వంతుకి దగ్గర. ఒక పెద్ద టెలిస్కోపుతో పదునైన ఫొటో ఒక్కటి తీస్తే బయటపడే సంగతి ఇది.

అలాగని ఆగిపోవాలా?

నా వాదనకి గట్టి జవాబులున్నాయి. నక్షత్రాలు పూర్తిగా అర్థమయ్యేదాకా ఆగితే ఎప్పటికీ మొదలే కాదు, ఎందుకంటే సూర్యుడే మనకి పూర్తిగా అర్థం కాలేదు. 1995లో స్విస్ శాస్త్రవేత్తలు మేయర్, కెలో 51 పెగాసీ అనే నక్షత్రం చుట్టూ నాలుగు రోజుల కక్ష్యతో గురుడంత గ్రహాన్ని ప్రకటించినప్పుడు నక్షత్రపు కంపనమేమో అన్న అనుమానం కొందరికి ఉండింది. ఆ ఇద్దరూ కూడా సందేహించి ఊరుకుని ఉంటే ఈ రంగం ఎంత ఆలస్యమయ్యేదో. ఎర్ర మరుగుజ్జుల్ని వదిలేయమనడం కూడా కుదరదు. భూమంత గ్రహం సూర్యుడి ముందు నుంచి వెళ్తే వెలుగు తగ్గేది పది లక్షల్లో 84 భాగాలు, ట్రాపిస్ట్-1 ముందు నుంచి వెళ్తే దానికి 70 రెట్లు. ఆ సౌలభ్యం వదులుకోలేం.

మచ్చల బెడద తగ్గించే దారులు కూడా దొరుకుతున్నాయి. గ్రహం ముందు నుంచి వెళ్ళేటప్పుడు కాకుండా, నక్షత్రం వెనక్కి వెళ్ళి దాక్కునేటప్పుడు ఎంత వెలుగు తగ్గిందో కొలిస్తే గ్రహం సొంత వేడి తెలుస్తుంది. ట్రాపిస్ట్-1బి పగటి వైపు సుమారు 500 కెల్విన్ల వేడి ఉందని, వేడిని అటువైపుకి మోసుకెళ్ళే దట్టమైన వాతావరణం దానికి ఉన్నట్టు లేదని 2023లో తేలింది ఇలాగే. ఇంకో ఉపాయం నాకు మరీ ఇష్టం. వాతావరణం లేనట్టు కనిపిస్తున్న ఆ బి గ్రహమూ, నివాసయోగ్యమని ఆశపడుతున్న ఇ గ్రహమూ కొన్ని గంటల తేడాతో ఒకదాని వెనక ఒకటి నక్షత్రాన్ని దాటే రోజుల్ని ఎంచుకుని వెబ్ చూస్తోంది. బి వర్ణపటంలో కనిపించే వంకరంతా నక్షత్రానిదే కదా, దాన్ని ఇ నుంచి తీసేయొచ్చు. రెండు గ్రహాలూ నక్షత్రం మీద ఒకే దారిలో వెళ్ళవు, మధ్యలో నక్షత్రం మీద ఒక మంట ఎగసిపడితే లెక్క చెడుతుంది, అయినా ఆలోచన సరైన దిక్కులో ఉంది. రాతి గ్రహాల కోసం వెబ్ సమయం 500 గంటలు కేటాయించినప్పుడు, ఆ నక్షత్రాల అతినీలలోహిత కాంతిని కొలవడానికి హబుల్ కక్ష్యలను కూడా జతచేశారు. ఐరోపా అంతరిక్ష సంస్థ ఈసా తయారుచేసిన ప్లేటో టెలిస్కోపు 26 కెమెరాలతో గ్రహాలతో పాటే నక్షత్రాల కంపనాల్ని వింటుంది, వాటి వయసుని పది శాతం కచ్చితత్వంతో చెప్పాలన్నది దాని లక్ష్యాల్లో ఒకటి. మారాల్సినవాళ్ళు మారుతున్నారు, కాబట్టి నా ఫిర్యాదు వాళ్ళతో కాదు. ఒక్క ట్రాన్సిట్, రెండు ట్రాన్సిట్ల మీద అణువుల పేర్లు ప్రకటించే హడావిడితోనే.

చిన్న టెలిస్కోపుల పని

కే2-18బి దాదాపు చేజారిపోయిన గ్రహమని చాలామందికి తెలియదు. కెప్లర్ రెండో విడత పరిశీలనలో దొరికింది రెండే ట్రాన్సిట్లు. అందులో ఒకదాని డేటాలో దొర్లిన చెడ్డ కొలత వల్ల మధ్య దూరం తప్పు పడింది. రెండు బిందువుల మీద కట్టిన కక్ష్యాకాలంలో తప్పు ప్రతి చుట్టుకీ పేరుకుంటూ పోతుంది. స్పిట్జర్ టెలిస్కోపు మళ్ళీ చూసినప్పుడు ట్రాన్సిట్ అనుకున్న వేళకి దాదాపు రెండు గంటల తేడాతో వచ్చింది. అప్పుడు పట్టుకోకపోయి ఉంటే, వెబ్ నాటికి ఆ తేడా సగం రోజు దాటేది.

ఇలాంటి కొలతలకి ఎప్పుడూ పెద్ద టెలిస్కోపే కావాలని లేదు. 1999లో హెచ్‌డీ 209458 అనే నక్షత్రం ముందు దాని గ్రహపు ట్రాన్సిట్‌ని పట్టుకున్న టెలిస్కోపుల్లో ఒకదాని కటకం పది సెంటీమీటర్లది. ఈరోజు 30, 40 సెంటీమీటర్ల అద్దం, చల్లబరిచే సీమాస్ కెమెరా ఉన్నవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. వెబ్ చూడబోయే నక్షత్రాల జాబితా నెలల ముందే బయటికి వస్తుంది. ఆ నక్షత్రాలకు రాత్రికొక కొలత చొప్పున రెండు మూడు భ్రమణాలపాటు తీస్తే, ట్రాన్సిట్ రోజున మచ్చలున్న ముఖం మనవైపుందా అటువైపుందా అన్నది తెలుస్తుంది.

పని కష్టమైనది కాదు, క్రమశిక్షణ కావాలి. ఫోకస్ కాస్త చెదరగొట్టి చుక్కని చాలా పిక్సెళ్ళ మీదికి పరచాలి. గైడింగ్ (టెలిస్కోపు నక్షత్రాన్ని వెంబడించడం) గట్టిగా ఉండి, చుక్క ప్రతి రాత్రీ అవే పిక్సెళ్ళ మీద పడాలి. ఫ్లాట్లు, అంటే కెమెరా లోపాల్ని సవరించడానికి సమానమైన వెలుగులో తీసే ఫొటోలు, ఏ రాత్రివి ఆ రాత్రే తీసుకోవాలి. ఎక్కువమంది తప్పుచేసేది పోలిక నక్షత్రాల దగ్గర, అంటే మన నక్షత్రపు వెలుగుని పోల్చిచూసుకునే పక్క నక్షత్రాల దగ్గర. ఎర్ర నక్షత్రాన్ని నీలి నక్షత్రాలతో పోలిస్తే, గాల్లో తేమ మారినప్పుడల్లా లేని వెలుగు మార్పు కనిపిస్తుంది. రంగు దగ్గరగా ఉన్న నక్షత్రాలు నాలుగైదు వెతుక్కోవాలి, క్షితిజం నుంచి 30 డిగ్రీల లోపు దిగిన ఫ్రేముల్ని పారేయాలి. కనీసం రెండు ఫిల్టర్లలో, ఒకటి ఎరుపులో, ఒకటి పరారుణపు అంచులో తీయాలి. మచ్చ వల్ల వచ్చిన మార్పు ఎరుపులో ఎక్కువగా, పరారుణం వైపు తక్కువగా ఉంటుంది, అదే దాన్ని పరికరం తప్పు నుంచి వేరుచేస్తుంది. సమయాన్ని ఎక్స్‌పోజర్ మధ్య నుంచి లెక్కించి, సౌరకుటుంబ గురుత్వ కేంద్రానికి సవరించాలి, లేకపోతే ఏడాదిలో ఎనిమిది నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. ఆస్ట్రోఇమేజ్‌జే లాంటి ఉచిత ప్రోగ్రాం ఈ సవరణలన్నీ చేసిపెడుతుంది.

ఈ పద్ధతికి ఒక లోటుంది. మచ్చలు ముఖమంతా సమానంగా చెల్లాచెదురై ఉంటే నక్షత్రం తిరుగుతున్నా వెలుగు మారదు, మన గ్రాఫు చదునుగా ఉంటుంది, మచ్చలు మాత్రం ట్రాన్సిట్‌ని పాడుచేస్తూనే ఉంటాయి. అలాంటి చోట చల్లటి మచ్చల్ని పట్టిచ్చే టైటానియం ఆక్సైడ్ పట్టీలు కనిపించే వర్ణపటాలు కావాలి, అవి పెద్ద టెలిస్కోపుల పని. అందుకే చిన్న టెలిస్కోపుల గ్రాఫులో మార్పు కనిపించకపోతే "నక్షత్రం ప్రశాంతంగా ఉంది" అని రాయకూడదు, ఇంత శాతానికి మించి మార్పు లేదని మాత్రమే రాసి, కొలతల పట్టికని పోలిక నక్షత్రాల పేర్లతో సహా బయటపెట్టాలి. ట్రాన్సిట్ జరిగిన వారంలో ఆ పట్టిక లేని అణువు ప్రకటన ఏదైనా వస్తే, ఎన్ని సిగ్మాలున్నా దాన్ని ప్రతిపాదనగానే తీసుకుంటాను.